సమాధానం: పర్లాకిమిడి నుంచి విశాఖ వెళ్లి కోర్సు చేస్తే ఒడిశాలో చెల్లుతుందా?

మేడమ్, కాలేజీ లెక్చరర్‌గా మీరడిగిన ప్రశ్న రెండు ముక్కలు: ఆంధ్రాలో చేసిన ఓరియెంటేషన్ (అధ్యాపకులకిచ్చే శిక్షణ కోర్సు) ఒడిశాలో ప్రమోషన్‌కి పనికొస్తుందా, సెమిస్టర్ మధ్యలో ప్రిన్సిపాల్ గారు వదలకపోతే ఏం చేయాలి.

మొదటిదానికి టెన్షన్ అక్కర్లేదు. ఇవి యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) కోర్సులు, రాష్ట్రం సరిహద్దు చూడవు. వీటిని నడిపే యూనివర్సిటీ శిక్షణ కేంద్రాలు, అంటే పాత హెచ్‌ఆర్‌డీసీలే, 2023లో మాలవీయ మిషన్ కేంద్రాలయ్యాయి. ఆంధ్రా యూనివర్సిటీది మీకు దగ్గర. సంబల్‌పుర్, ఉత్కళ్ యూనివర్సిటీలు దూరం. ఎక్కడ చేసినా బోధన సాధారణంగా ఇంగ్లీషులోనే కాబట్టి ఒడియా రాదన్న బెంగ కూడా వద్దు.

2018 యూజీసీ నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ జీతం స్థాయి లెవెల్ 10 నుంచి 11కి పెరగాలంటే 21 రోజుల ఓరియెంటేషన్ ఒకటి కావాలి. దానితోపాటు రిఫ్రెషర్ (సబ్జెక్టులో తాజా శిక్షణ) గానీ, కనీసం వారం ఎఫ్‌డీపీ (అధ్యాపకుల నైపుణ్య శిక్షణ) గానీ, సర్టిఫికెట్ ఉన్న మూక్ (ఆన్‌లైన్) కోర్సు గానీ ఏదో ఒకటి చాలు. ఈ రెండో షరతుని కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక 'స్వయం'లో మూక్ కోర్సు చేసి ఇంటి నుంచే పూర్తి చేసేయండి. పీహెచ్‌డీ ఉంటే నాలుగేళ్ల సర్వీసు, లేకపోతే ఆరేళ్లు, ఎంఫిల్‌కి ఐదు. అయితే మీది ఎయిడెడ్ కాలేజీ అన్నారు కాబట్టి, ఈ ప్రమోషన్లపై రాష్ట్ర ఉన్నత విద్యాశాఖ ఆర్డరు ఒకసారి కాలేజీ ఆఫీసులో చూపించమనండి.

ఇక సెలవు. నోటిమాటగా అడిగితే "చూద్దాం" అనే వస్తుంది. ముందు కోర్సుల క్యాలెండరు చూసి ఆన్‌లైన్ బ్యాచ్ ఉంటే అదే పెట్టుకోండి. లేదంటే పరీక్షల తర్వాతి బ్యాచ్. మీ క్లాసులు ఎవరు తీసుకుంటారో వాళ్ల సంతకాలతో సర్దుబాటు టైంటేబుల్ జతచేసి దరఖాస్తు ఇవ్వండి, కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు (ఆఫీసుకి అందినట్టు వేసే నంబరు) వేయించుకోండి. ఆ కాగితం ఉంటే కాదనడం కష్టం.