పుస్తకాలు కొనే ముందు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

కొత్త ఇంట్లో గోడ పొడవునా పుస్తకాల బీరువా చేయిస్తున్నావని, అందులో పెట్టడానికి వంద తెలుగు పుస్తకాల జాబితా కావాలని రాశావు. బీరువా వెనక చెక్కకూ గోడకూ మధ్య రెండు వేళ్ల సందు ఉంచమని వడ్రంగికి చెప్పు. వానాకాలంలో గోడ చెమ్మ పుస్తకాలకు పట్టదు. జాబితా మాత్రం పంపను. ఇంకొకరి అభిరుచి ప్రకారం ఒకేసారి కొన్న పుస్తకాలు అట్ట నలగకుండానే పాతబడిన ఇళ్లు చాలా చూశాను. ముందు అరువు తెచ్చుకుని చదువు; తిరిగి ఇవ్వడానికి మనసొప్పని పుస్తకమే కొనుక్కో.

హైదరాబాదులో ఉండి పుస్తకాలు దొరకవనడానికి వీల్లేదు. సుల్తాన్ బజారులో 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉంది. కుర్చీలన్నీ పోటీ పరీక్షలకు చదివే పిల్లలతో నిండి ఉంటే చిన్నబుచ్చుకోకు. ఆ పిల్లలు తెలుగు నవలల అరల వైపు తొంగి చూడరు గనుక అక్కడ నీకు పోటీ ఉండదు.

పాత గ్రాంథిక వచనం మొదట్లో కొరుకుడు పడదు. ప్రతి మాటకూ నిఘంటువు తీయకుండా ముప్పై, నలభై పుటలు ఓపిక పట్టి పైకి చదువుతూ పోతే, రచయిత నడక చెవికి అలవాటై సగం మాటలు సందర్భాన్ని బట్టే తెలుస్తాయి. తక్కినవాటికి శబ్దరత్నాకరం చాలు. పీఠిక చివర చదువు. మన పీఠికాకర్తలకు కథంతా ముందే చెప్పేసే దురలవాటు ఉంది.

ఇక పాత పుస్తకాల సంగతి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ధర చూసి మురిసిపోయి సంచి నింపుకోకు. మన పుస్తకాలు చాలావరకు పదహారేసి పుటల ఫారాలుగా, అంటే మడతపెట్టిన పెద్ద కాగితాలుగా అచ్చవుతాయి. వాటిని వరసగా పేర్చి కుట్టేటప్పుడు ఒక ఫారం జారితే పదహారు పుటలూ ఒక్కసారే పోతాయి. ఒక్కోసారి దాని బదులు పక్క ఫారమే రెండుసార్లు చేరుతుంది. కాబట్టి 16 తర్వాత 17, 32 తర్వాత 33 ఉన్నాయో లేదో బేరమాడకముందే చివరిదాకా చూసుకో. కుట్టు దగ్గర ముక్కు పెట్టి చూడు. బూజు వాసన వస్తే ఎంత చవకైనా వదిలెయ్యి, లేకపోతే ఇంట్లో ఉన్న మంచి పుస్తకాలకూ పాకుతుంది. ఏ కూర్పో కూడా చూడు. కన్యాశుల్కాన్నే తీసుకో: 1897లో వచ్చిన నాటకాన్ని గురజాడ బాగా పెంచి, తిరగరాసి 1909లో మళ్లీ అచ్చు వేయించారు. ముందు చదవవలసింది రెండోది. మొదటిది ఆయన చేసిన మార్పులు పోల్చి చూడాలనిపించినప్పుడు తెచ్చుకోవచ్చు.

సొంత పుస్తకంలో పెన్సిలుతో గీతలు గీసుకోవడానికి మొహమాటపడకు, అరువు పుస్తకంలో చుక్క కూడా పెట్టకు. చిరిగిన పుటకు సెల్లోటేపు అంటించావంటే కొన్నేళ్లకు టేపు ఊడిపోయి, దాని జిగురు మాత్రం పసుపుపచ్చ మరకగా కాగితంలో ఇంకిపోతుంది. పలచటి టిష్యూ కాగితాన్ని మైదా జిగురుతో అతికించి, మీద బరువు పెట్టి ఒక రాత్రి ఆరనివ్వు. పురుగు పట్టకుండా బైండర్లు ఆ జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, నీ ఇంట్లో పాకే పిల్లవాడున్నాడు గనుక నువ్వు కలపకు. అట్ట ఊడి, కుట్టు తెగిన పుస్తకమైతే నేరుగా బైండరుకే ఇవ్వు. అంచులు మరీ లోపలికి కోయవద్దని, పాత అట్ట పారేయకుండా లోపలే కుట్టమని ముందే చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య