రాత్రి చెప్పిన జవాబు పొద్దున ఎందుకు రాలేదు?

ప్రశ్న: మాది గాజువాక. బాబుకు పదకొండేళ్లు, ఆరో తరగతి. ఈ జూన్‌లో కొత్త బడిలో చేర్చాం. అక్కడ ప్రతి శనివారం స్లిప్ టెస్టు పెడతారు. శుక్రవారం రాత్రి అడిగితే అన్నీ గడగడా చెబుతాడు. శనివారం పొద్దున్నే కడుపునొప్పి, ఒక్కోసారి వాంతి. పేపరు చూస్తే సగం ఖాళీ, వెనక పేజీ తిప్పనే తిప్పడు. అల్లరి పిల్లవాడు కాదు. రెండో తరగతి నుంచీ టీచర్లు ‘మంచివాడే గానీ ధ్యాస ఎక్కడో ఉంటుంది’ అంటూనే ఉన్నారు. ఇంట్లోనూ అంతే, ఒక పని చెబితే మధ్యలో మరిచిపోతాడు. మావారిది స్టీల్ ప్లాంటులో షిఫ్టుల ఉద్యోగం. ‘అంతా బద్ధకం, రెండు తగిలిస్తే దారికొస్తాడు’ అంటారు. ట్యూషన్ రాత్రి తొమ్మిది వరకు పెంచాం. మొన్న వాడు ‘నేను దేనికీ పనికిరానమ్మా’ అన్నాడు. ఏం చేయాలి?
ఒక తల్లి, గాజువాక

జవాబు: ముందుగా ఆ చివరి మాట సంగతి. ‘పనికిరాను’ అన్న పిల్లవాడికి ‘అలా అనకూడదు నాన్నా’ అని సర్దిచెప్పి వదిలేయకండి. ఈ రాత్రే పక్కన కూర్చుని, ఎప్పటి నుంచి అలా అనిపిస్తోందో, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని నెమ్మదిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడవద్దు, అలా జరగదు. అవునంటే వాడిని ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక పరీక్షల విషయం. మీ ఉత్తరంలో నేను ఆగి మళ్లీ చదివింది రెండో తరగతి టీచరు మాట. కడుపునొప్పి ఈ జూన్ తర్వాత వచ్చింది, ధ్యాస నిలవకపోవడం నాలుగేళ్ల నాటిది. అంటే భయం రెండోది. మొదటిదాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల రెండోది వచ్చిందని నా అనుమానం. ఇలా ధ్యాస నిలవని సమస్యను డాక్టర్లు ఏడీహెచ్‌డీ అంటారు. ఆ పేరు వినగానే కుదురుగా కూర్చోలేని పిల్లలే గుర్తుకొస్తారు. అందులో అల్లరి లేని రకం కూడా ఉంది. అలాంటి పిల్లలు ఎవరినీ ఇబ్బంది పెట్టరు కాబట్టి ఎవరి కంటా పడకుండా పై తరగతులకు వెళ్లిపోతుంటారు. పన్నెండేళ్ల లోపే లక్షణాలు మొదలవడం, కనీసం ఆరు నెలలుగా ఉండడం, ఇంట్లోనూ బడిలోనూ కనిపించడం వంటివి డాక్టర్లు చూస్తారు. మీరు రాసినవి వాటికి దగ్గరగా ఉన్నాయి. ఉత్తరం చూసి నిర్ధారించడం మాత్రం తప్పు, పరీక్ష చేయించాలి.

రాత్రి వచ్చిన జవాబు పొద్దున రాకపోవడానికి కారణం ఉంది. లెక్క చేసేటప్పుడు, జవాబు కూర్చుకునేటప్పుడు మనసులో ఒక చిన్న పలక మీద రాసుకున్నట్టుగా విషయాలను కాసేపు నిలుపుకుంటాం. ధ్యాస నిలవని పిల్లల్లో చాలామందికి ఆ పలక ముందే ఇరుకు. దాని మీద ‘ఈసారీ తప్పుతాను, నాన్న ఏమంటారో’ అన్న మాటలు ఎక్కితే, చదివినదానికి చోటెక్కడిది? పైగా శుక్రవారం రాత్రి మీరు ఒక్కో ప్రశ్నే అడుగుతారు, తడబడితే మొదటి పదం అందిస్తారు. శనివారం పది ప్రశ్నలు ఒకేసారి ఎదురవుతాయి, అందించేవాళ్లు ఉండరు. నోటితో చెప్పడం, కాగితం మీద పెట్టడం వాడికి రెండు వేర్వేరు పనులు.

అందుకే ట్యూషన్ పెంచడం నాకు నచ్చలేదు. పగలంతా బడిలో ధ్యాస కూడగట్టుకుని అలసిన పిల్లవాడిని రాత్రి తొమ్మిది దాకా మళ్లీ అదే పనిలో కూర్చోబెడుతున్నాం. ఈ వయసుకు రోజూ తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి. ట్యూషన్ మాన్పించలేకపోతే ఏడింటికల్లా ముగిసేలా చూడండి. శుక్రవారం అప్పజెప్పించుకోవడం ఆపేయండి. దానికి బదులు మంగళ, గురువారాల్లో తెల్లకాగితం మీద ఐదు ప్రశ్నలు రాసివ్వండి, రెండు మాత్రం వెనకవైపు ఉండాలి. పావుగంట సమయం. ముందు కాగితం రెండు వైపులా చూసి, తెలిసిన ప్రశ్నకు టిక్కు పెట్టి, దానితోనే మొదలుపెట్టడం నేర్పండి. మార్కులు వేయకండి. పుస్తకం మూసి గుర్తు చేసుకుని రాస్తే, అదే పాఠాన్ని పదిసార్లు చదివిన దానికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

భయాన్ని కాగితం మీద పెట్టించే పద్ధతి ఒకటుంది. పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను రాసుకున్న విద్యార్థులు, ముఖ్యంగా బాగా కంగారుపడేవారు, మెరుగ్గా రాశారని 2011లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. అందులో తొమ్మిదో తరగతి పిల్లలూ ఉన్నారు. మీవాడు వాళ్లకంటే చిన్నవాడు, నాలుగు వాక్యాలు చాలు. శనివారం బడికి బయలుదేరేముందు రాయించండి. అది మీరు చదవకూడదు. కంగారు తగ్గించే ఊపిరి పద్ధతిని ఆదివారం అప్పికొండ తీరానికి తీసుకెళ్లి నేర్పండి. అల వస్తున్నప్పుడు గాలి పీల్చి, అది వెనక్కి జారుతున్నంతసేపూ మెల్లగా వదలాలి. పరీక్ష రోజునే కొత్తగా నేర్పితే అదీ మరో పరీక్ష అవుతుంది.

కడుపునొప్పి నటన కాదు, భయానికి నిజంగానే పేగులు మెలిపెడతాయి. పిల్లల డాక్టరుకు చూపించి, అలాగే కంటిచూపు, వినికిడి, రక్తహీనత, థైరాయిడ్ సంగతి కూడా అడగండి. వీటిలో లోపమున్నా పిల్లలు పరధ్యానంగా కనిపిస్తారు. ఒంట్లో వేరే జబ్బు లేదని తేలాక మాత్రం నొప్పి ఉందని శనివారం ఇంట్లో ఉంచేయకండి. ఉంచితే గంటలో నొప్పి తగ్గుతుంది, వచ్చే శనివారం అంతకు రెట్టింపై వస్తుంది. తేలికగా రెండు ఇడ్లీలు పెట్టి, బడి గేటు దాకా మీరే వెళ్లండి.

తర్వాత చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి తీసుకెళ్లండి. అది ఆంధ్రా వైద్య కళాశాలకు అనుబంధమైన బోధనాసుపత్రి. ‘పిల్లవాణ్ణి పిచ్చాసుపత్రికి తీసుకెళ్లారట’ అని బంధువులు అంటారేమోనన్న బెంగ మన విశాఖలో ఎందరు పిల్లల వైద్యాన్ని ఏళ్ల తరబడి ఆపిందో చూసి బాధపడినదాన్ని. అక్కడికి కంటి ఆసుపత్రికి వెళ్లినట్టే వెళ్లండి. మందు కావాలో, శిక్షణతో సరిపోతుందో డాక్టరు చెబుతారు. చదవడం, రాయడంలో లోపం ఉందేమో కూడా తప్పక పరీక్షించమనండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఈ చదవడం, రాయడంలోని లోపం ‘నిర్దిష్ట అభ్యసన వైకల్యం’ పేరుతో ఉంది, ఏడీహెచ్‌డీ విడిగా లేదు. పెద్ద పరీక్షల్లో అదనపు సమయం అడగాల్సి వస్తే ఆ తేడా ముఖ్యం. ఈలోగా క్లాస్ టీచరును కలిసి, కిటికీకి దూరంగా ముందు బెంచీ, ‘వెనక పేజీ చూశావా’ అన్న ఒక్క మాట అడగండి. ఈ రెంటికీ సర్టిఫికెట్టు అక్కర్లేదు.

మీవారికి ఈ ఉత్తరం చూపించండి. వారు చెడ్డవారని నేననుకోవడం లేదు. బి షిఫ్టు దిగి రాత్రి ఇంటికి చేరి, ఇంకా మేలుకుని ఉన్న కొడుకును ‘ఎన్ని వచ్చాయి?’ అని అడగడం ఆయనకు తెలిసిన ప్రేమ. కానీ దెబ్బల వల్ల ఆ పలక మీద మరో భయం చేరుతుంది తప్ప ధ్యాస పెరగదు. ఆయనకు సెలవున్న రోజున ఒక ఖాళీ జవాబు పత్రం తీసుకుని కొడుకు పక్కన కూర్చోమనండి. ‘ఇక్కడికి వచ్చేసరికి నీకేమైంది?’ అని అడిగి, వాడు చెప్పడం పూర్తయ్యేదాకా మాట్లాడకుండా వినమనండి. వాడు చెప్పింది ఒక కాగితం మీద రాసుకోండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు రెండో తరగతి ప్రోగ్రెస్ కార్డుతో పాటు అదీ పట్టుకెళ్లండి.