రన్‌వే సగం మిగులుతున్నా ఏటీఆర్‌లో సీట్లు ఎందుకు ఖాళీగా ఉంచుతారు?

గన్నవరంలో ఏటీఆర్ అనే రెండు ఇంజిన్ల ప్రొపెల్లర్ విమానం రన్‌వే సగం కూడా దాటకుండానే గాల్లోకి లేస్తుండగా, అదే రకం విమానం చిన్న రన్‌వేలున్న చోట్లకు వెళ్లేటప్పుడు కొన్ని సీట్లు ఎందుకు ఖాళీగా ఉంచుతారని మీరు అడిగారు. గుంటూరులో స్థిరపడక ముందు కొన్నేళ్లపాటు ఏటీఆర్ 72 నడిపిన అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను.

టేకాఫ్ పరుగులో అత్యంత ఇబ్బందికరమైన క్షణంలో ఒక ఇంజిన్ ఆగిపోతే ఏమవుతుందన్నదే మా లెక్కకు మూలం. అప్పుడు మిగిలిన రన్‌వేలోనే విమానాన్ని ఆపగలగాలి, లేదా రెండో ఇంజిన్ ఒక్కదానితోనే పరుగు కొనసాగించి రన్‌వే చివరకు 35 అడుగుల ఎత్తు అందుకోగలగాలి. ఈ రెండింటిలో ఏది చేయాలో తేల్చే వేగాన్ని వీ1 అంటాము. మీకు గన్నవరంలో వృథాగా కనిపిస్తున్న రన్‌వేలో కొంత భాగం నిజానికి ఆ ఒక్క క్షణం కోసం ఉంది. పూర్తి బరువుతో, అంటే సుమారు 23 టన్నులతో లేవడానికి ఏటీఆర్ 72-600కు సముద్రమట్టం వద్ద, 15 డిగ్రీల ప్రామాణిక ఉష్ణోగ్రతలోనే దాదాపు 1,300 మీటర్లు కావాలి. లక్షద్వీప్‌లోని అగత్తి రన్‌వే పొడవు సుమారు 1,200 మీటర్లే కాబట్టి, అక్కడ బరువు తగ్గించడం, అంటే కొన్ని సీట్లు ఖాళీగా ఉంచడం తప్ప మరో మార్గం లేదు.

దీనికి ఎండ తోడవుతుంది. మన బెజవాడలో మే నెలలో 45 డిగ్రీలు నమోదైన మధ్యాహ్నం గాలి సాంద్రత ప్రామాణిక స్థితితో పోలిస్తే దాదాపు 9 శాతం తగ్గుతుంది. రెక్కలకు పైకి లేపే బలం అంతే రావాలంటే విమానం మరింత వేగం అందుకోవాలి, అదే సమయంలో ఇంజిన్ శక్తి కూడా తగ్గుతుంది.

దిగడం గురించి మీరు అడగలేదు గానీ, నా దృష్టిలో చిన్న రన్‌వేకు అసలు పరీక్ష అదే. ఏటీఆర్ లాంటి టర్బోప్రాప్‌లో (ప్రొపెల్లర్ విమానంలో) ప్రొపెల్లర్ రెక్కల కోణం మార్చగానే బ్రేకు పడినట్లు వేగం తగ్గుతుందన్నది నిజమే, కానీ చక్రాలు నేలను తాకేవరకు ఆ సదుపాయం వాడకూడదు. నేను కో-పైలట్‌గా ఉన్న తొలి రోజుల్లో ఒక చిన్న రన్‌వేకు 105 నాట్లతో (గంటకు సుమారు 195 కిలోమీటర్ల వేగంతో) రావలసిన చోట వెనుకగాలిలో 115 నాట్లతో వచ్చాను. వేగం పది శాతం పెరిగితే ఆగే దూరం ఇరవై శాతం పెరుగుతుందని చదువుకున్నవాడినే అయినా, రివర్స్ (ప్రొపెల్లర్‌తో వేగం తగ్గించే ఆ సదుపాయం) ఉంది కదా, సరిపోతుందిలే అనుకున్నాను. కెప్టెన్ గారు మాత్రం నిమిషమైనా ఆలోచించకుండా "గో అరౌండ్" అన్నారు, అంటే దిగకుండా మళ్లీ పైకి లేవమని. చుట్టు తిరిగి, ఎదురుగాలి ఉన్న రెండో చివర నుంచి దిగాము. ఆ రోజు కూడా వెనుక కొన్ని సీట్లు ఖాళీగానే ఉన్నాయి. అవి నిండి ఉంటే రావలసిన వేగమే మరికొన్ని నాట్లు ఎక్కువగా ఉండేది.