‘ఏ కోర్టులో వేయాలి?’ అనే ప్రశ్న మీద కెరీర్ ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి లా రెండో సంవత్సరం. ఇంటర్నెట్ గొడవలు ఏ దేశపు, ఏ ఊరి కోర్టుకు వెళ్లాలన్న దాని మీదే స్పెషలైజ్ చేస్తానంటోంది. అసలు అలాంటి ఉద్యోగం ఉంటుందా? ముందు సైబర్ లా డిప్లొమా చేయించమని కొందరు, కోడింగ్ నేర్పించమని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి

జవాబు: ఆ పేరుతో ఉద్యోగం ఉండదండి. ‘జ్యూరిస్‌డిక్షన్ (అంటే కోర్టుకు కేసు విచారించే అధికారం) లాయర్ కావలెను’ అని ఎవరూ ప్రకటన ఇవ్వరు. కానీ ఆన్‌లైన్‌లో పరువు తీశారన్నా, బ్రాండ్ పేరు కొట్టేశారన్నా, డబ్బు కట్టించుకుని సరుకు పంపలేదన్నా, క్లయింటు వచ్చి కూర్చున్న మొదటి గంటలోనే తేల్చుకోవాల్సిన సంగతి ఇది. అవతలి లాయరు కూడా అసలు గొడవ జోలికి పోకుండా ముందు ‘ఈ కోర్టుకు విచారించే అధికారమే లేదు’ అని పిటిషన్ పడేస్తాడు, ఒక్కోసారి ఆ వాదనే పై కోర్టుల దాకా వెళ్లి ఏళ్లు తినేస్తుంది. కాబట్టి ఈ ఒక్క విషయం బాగా వచ్చిన పిల్లకు నాలుగైదు రకాల ఉద్యోగాల్లో చోటుంటుంది.

ఇందులో అంత ఏముందని మీకు అనిపించవచ్చు. ఒక కేసు చెప్తాను. 2000లో బారన్స్ పత్రికలో మెల్‌బోర్న్‌కు చెందిన గట్నిక్ అనే వ్యాపారవేత్త మీద వ్యాసం వచ్చింది. ఆ పత్రిక డౌ జోన్స్ అనే అమెరికన్ కంపెనీది, సర్వర్లు న్యూజెర్సీలో ఉన్నాయి, ఆయనేమో ఆస్ట్రేలియాలోని విక్టోరియా కోర్టులో పరువునష్టం దావా వేశాడు. మేం ప్రచురించింది అమెరికాలో, మీకేం సంబంధం అని కంపెనీ వాదించింది. 2002లో ఆస్ట్రేలియా హైకోర్టు (అక్కడ అదే అత్యున్నత న్యాయస్థానం) ఒప్పుకోలేదు. చదివేవాడు ఎక్కడ డౌన్‌లోడ్ చేసుకుని చదివితే పరువు అక్కడ పోయినట్టే, కేసు ఇక్కడే నడుస్తుంది అంది.

మరి అందరూ తమ ఇంటి దగ్గరి కోర్టులోనే కేసు వేసేస్తే సరిపోతుందా? సరిపోదు. అదే 2000లో నాజీ వస్తువుల వేలం పేజీలు ఫ్రాన్స్‌లోని వాళ్లకు కనపడకుండా చేయమని పారిస్ కోర్టు యాహూను ఆదేశించింది. యాహూ తన దేశంలో కోర్టుకెక్కితే, ఆ ఆదేశాన్ని ఇక్కడ అమలు చేయడం కుదరదని 2001లో కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు చెప్పింది. పై కోర్టులో ఆ తీర్పు నిలవలేదు, అది వేరే కథ. కేసు గెలవడం ఒకటి, ఆ తీర్పు పట్టుకెళ్లి అవతలివాడి ఆస్తి ఉన్న చోట అమలు చేయించుకోవడం ఇంకొకటి. కొత్త లాయర్లు ఎక్కువగా తడబడేది ఈ రెండో దగ్గరే, క్లయింటు డబ్బు ఖర్చు పెట్టించాక తెలిస్తే చాలా ఇబ్బంది.

ఇక కోర్టులు ఒక్క మాట మీద కూడా ఉండవు. 1997లో పెన్సిల్వేనియాలో జిప్పో లైటర్ల కంపెనీ కేసులో, ఊరికే సమాచారం పెట్టిన వెబ్‌సైటు వేరు, అక్కడి జనంతో నేరుగా వ్యాపారం చేసే వెబ్‌సైటు వేరు అని ఒక కొలత పెట్టారు. ఢిల్లీ హైకోర్టు 2003లో క్యాసియో కేసులో సైటు ఢిల్లీలో తెరుచుకుంటే చాలన్నట్టు చెప్పి, 2009లో బన్యన్ ట్రీ కేసుకొచ్చేసరికి అది చాలదు, అక్కడి జనాన్ని కావాలని లక్ష్యంగా పెట్టుకున్నారని చూపించాలి అంది. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2010లో వినియోగదారుల కేసుల్లో ఇంచుమించు అదే చెప్పింది, కానీ ఏం చూడాలో కూడా విప్పి చెప్పింది: సైటు ఏ భాషలో ఉంది, ఏ కరెన్సీ తీసుకుంటోంది, ఫోన్ నంబరుకు దేశం కోడ్ పెట్టారా, డొమైన్ చివర ఏముంది. నాకైతే ఈ సబ్జెక్టులో బాగా నచ్చేది ఇదే, పెద్ద పెద్ద సిద్ధాంతాలన్నీ చివరికి వెబ్‌సైటు అడుగున ఉన్న ఫోన్ నంబరు దగ్గర తేలతాయి.

ఉద్యోగాల సంగతికొస్తే, కోర్టు ప్రాక్టీసు ఉంది, ఓపిక కావాలి, మొదట్లో సంపాదన తక్కువ. ఆన్‌లైన్ కంపెనీల లీగల్ టీముల్లో మనం చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ నొక్కే నిబంధనలు రాసే పని ఉంటుంది. అందులో ‘వివాదాలన్నీ ఫలానా చోటి కోర్టులోనే’ అనే వాక్యం రాసేవాళ్లకు అది ఎక్కడ నిలుస్తుందో ఎక్కడ కొట్టుకుపోతుందో తెలియాలి. ఫేస్‌బుక్ కాలిఫోర్నియా కోర్టులని రాసుకుంటే, 2017లో కెనడా సుప్రీంకోర్టు ఒక వాడకందారు కేసులో దాన్ని పక్కన పెట్టింది. ఇక డొమైన్ పేర్ల తగాదాలు కోర్టు బయటే, జెనీవాలోని ప్రపంచ మేధో సంపత్తి సంస్థ లాంటి చోట్ల దాదాపు పూర్తిగా కాగితాల మీదే తేలతాయి. రాత పని ఇష్టమైతే అది మంచి దారి.

డిప్లొమా ఇప్పుడు వద్దు. చాలా వాటిల్లో సైబర్ నేరాల సెక్షన్లు బట్టీ పట్టిస్తారు, ఈ విషయానికి ఒక అధ్యాయం ఇస్తే గొప్ప. అదే డబ్బు దాచి పెట్టండి. తను గట్టిగా చదవాల్సినవి సివిల్ ప్రొసీజర్ (దావా ఎక్కడ, ఎలా నడపాలో చెప్పేది), ప్రైవేట్ ఇంటర్నేషనల్ లా (వేర్వేరు దేశాలతో ముడిపడ్డ తగాదాకు ఏ కోర్టు, ఏ చట్టం అని తేల్చేది), కాంట్రాక్టులు. పిల్లలు బోర్ అని తప్పించుకునేది సివిల్ ప్రొసీజర్‌నే, ఈ సబ్జెక్టు పునాది మాత్రం అక్కడే ఉంది. కోడింగ్ అక్కర్లేదు. సర్వర్, ఐపీ అడ్రస్, వీపీఎన్ (ఎక్కడి నుంచి చూస్తున్నామో దాచేది), జియోబ్లాకింగ్ (ఫలానా దేశం వాళ్లకు సైటు కనపడకుండా చేయడం) అంటే ఏమిటో జడ్జికి అర్థమయ్యేలా చెప్పగలిగితే చాలు.

ఈ సెలవుల్లో ఒక పని చేయమనండి. ఫోన్‌లో ఉన్న యాప్‌లలో ఐదింటి నిబంధనలు తెరిచి, వివాదాల గురించి రాసిన భాగం చదివి, వాడకందారుకు నష్టం జరిగితే ఎక్కడ కేసు వేయొచ్చో, గెలిస్తే ఎక్కడ అమలవుతుందో ఒక్కోదానికి ఒక పేజీ రాయమనండి. రెండో యాప్‌కే విసుగొస్తే కార్పొరేట్ వైపో ఇంకో వైపో ఆలోచించుకోవచ్చు, చదువు రెండో ఏడే కాబట్టి టెన్షన్ ఏం లేదు. ఐదూ పూర్తి చేసి ఇంకో ఐదు వెతుక్కుంటే ఆ పేజీలు పట్టుకుని ఇలాంటి కేసులు చూసే లాయర్ దగ్గర ఇంటర్న్‌షిప్ అడగమనండి.