బెంచి మీద గడిచిన రోజులు

చెల్లీ,

బాస్కెట్‌బాల్ ఆటగాడు సత్నామ్ సింగ్ మీద నువ్వు రాసిన జీవితకథ రెండుసార్లు చదివాను. పంజాబ్‌లో బల్లో కే అనే పల్లె, రైతు ఇంట్లో పుట్టిన ఏడడుగుల పిల్లవాడు, 2015లో అమెరికా జట్టు డాలస్ మావరిక్స్ 52వ ఎంపికగా అతన్ని తీసుకున్న రాత్రి... అంతవరకు నీ కలం పరుగులు తీసింది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో జట్లు ఏటా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడు, నిజమే. తర్వాత కథనంతా రెండు పేజీల్లో చుట్టేశావు. నాకు వెలితి అక్కడే అనిపించింది.

ఎన్‌బీఏ లీగు మ్యాచ్‌లో అతను ఒక్క నిమిషమైనా ఆడలేదు. కింది లీగులో టెక్సాస్ లెజెండ్స్ జట్టులోనూ ఎక్కువసేపు బెంచి మీదే. పద్నాలుగేళ్ళకే ఫ్లోరిడా వెళ్ళి ఆటనూ ఇంగ్లిషునూ కలిపి నేర్చుకున్న పిల్లవాడికి ఆ బెంచి ఎంత బరువై ఉంటుందో! అలాగని అతని మనసులో మాటలు నువ్వు కల్పించకు, బతికున్న మనిషి. సాధన అంటే ఏమిటో మాత్రం నీ కళ్ళతో చూసి రాయి.

మొన్న హనుమకొండలో ఒక బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన ఆగాను. ఒక అమ్మాయి ఒంటరిగా గీత దగ్గర నిలబడి రింగులోకి ఫ్రీ త్రోలు వేస్తోంది. అరచేయి నిక్కరుకు తుడుచుకుంది, బంతిని మూడుసార్లు నేలకు కొట్టింది, బొటనవేలితో బంతి మీది గాడి వెతుక్కుని విసిరింది. రింగుకు తగిలి బయటపడింది. తనే పరుగెత్తి తెచ్చుకుంది. మళ్ళీ అదే గీత, అవే మూడు దెబ్బలు. రింగు ఎత్తు 3.05 మీటర్లని నువ్వు రాశావు కదా, ఆ ఎత్తు నాకు ఆ పిల్ల మెడలో కనిపించింది.

నా తొలిరోజుల్లో వరంగల్ ఆటగాడొకరి కథ రాస్తూ పతకాలన్నీ వరసగా పేర్చాను. వాళ్ళమ్మ చదివించుకుని విని, "మా పిల్లవాడు మోకాలు పట్టుకుని మెట్లు దిగిన రోజులేవి నాయనా?" అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలలేదు.

ఇంకొకటి. డోపింగ్ కేసులో, అంటే నిషేధిత మందులు వాడాడన్న ఆరోపణ మీద, 2020లో పడిన రెండేళ్ళ నిషేధం నీ రాతలో లేదు. అభిమానం కొద్దీ దాచకు. ఆరోపణను అతను ఖండించిన సంగతీ పక్కనే ఉండాలి. తర్వాత ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లోకి వెళ్ళాడు. ఒక ఆట కోసమే పెంచుకున్న దేహం మరో బరిలోకి దిగడం, దానికే ఒక అధ్యాయం కావాలి.

నీ రాతప్రతి అంచుల్లో పెన్సిల్‌తో గుర్తులు పెట్టాను. కాజీపేట వైపు వచ్చినప్పుడు ఇంటికి వచ్చి తీసుకెళ్ళు.

మీ అన్నయ్య