ఆకు మీద ‘జాలాకారం’ అంటే ఏమిటి?

ప్రశ్న: అరెకరంలో బెండ వేసి 35 రోజులైంది. లేత ఆకులు పచ్చబడుతున్నాయి. నా దగ్గరున్న కరపత్రంలో ‘ఈనెలు జాలాకారంగా రంగు మారతాయి’ అని ఉంది. జాలీలా బెజ్జాలు పడతాయేమో అనుకున్నాను, కానీ ఆకుకు ఒక్క బెజ్జమూ లేదు. ఈ మాటకు అర్థమేమిటి? పక్క రైతు అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కొట్టమంటున్నాడు, కొట్టొచ్చా?
– ఒక రైతు, బొబ్బిలి మండలం, విజయనగరం జిల్లా

జవాబు: మందు కొట్టకముందే అడిగారు, మంచి పని చేశారు. జాలం అంటే వల. జాలరి అన్న మాటలో ఉన్నదీ అదే. వలలా అల్లుకున్న గీతల్ని జాలాకారం అంటారు, బెజ్జాలతో పని లేదు. లద్దెపురుగు పిల్లలు గోకి తినేసిన జల్లెడాకు వేరే సంగతి. ఒక బెండాకును వెలుతురుకు అడ్డంపెట్టి చూడండి. పెద్ద ఈనెల నుంచి సన్న ఈనెలు చీలి, వలకన్నుల్లా ఒకదానితో ఒకటి కలుస్తాయి. గోగు, పత్తి, చిక్కుడు కూడా అంతే. వరి, చోడి, మొక్కజొన్నల్లో మాత్రం ఈనెలు బారుగా పక్కపక్కనే సాగుతాయి.

ఇప్పుడు చూడాల్సింది వల ఏ రంగు, కన్ను ఏ రంగు అన్నది. ‘పచ్చబడింది’ అని రైతులు ఫోన్ చేస్తే నేను మళ్లీ అడుగుతాను. మన మాటలో పచ్చ అంటే ఆకుపచ్చా కావచ్చు, పసుపూ కావచ్చు. ఆ తేడా తెలియకుండా సలహా చెప్పలేను.

ఈనెల వల పసుపుగా మారి, మధ్య భాగం ఆకుపచ్చగా ఉంటే అది పల్లాకు తెగులు. శంఖు తెగులు అన్నా ఇదే. మీ చేలో ఉన్నది ఇదేనని నా అనుమానం. ఇది వైరస్, తెల్లదోమ మోసుకొస్తుంది. పోనుపోను ఆకంతా పసుపు తిరిగి, కాయలు పాలిపోయి గట్టిపడతాయి. దీనికి అన్నభేది ఏమీ చేయదు. దానికి భిన్నంగా, ఈనెలు ఆకుపచ్చగా నిలిచి మధ్య భాగం పసుపైతే ఇనుము లోపం. అప్పుడైతే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు అప్పటికప్పుడు కలిపి వారం తేడాతో 2 సార్లు పిచికారీ చేయండి.

పల్లాకు సోకిన మొక్కను ఏ మందూ బాగుచేయలేదు. కాయ వస్తుందేమోనని ఉంచకండి, పీకి పొలం బయట పూడ్చేయండి. పసుపు జిగురు అట్టలు కట్టండి. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బుపొడి కలిపి ఆకు అడుగు తడిసేలా కొట్టండి, దోమ ఉండేది అక్కడే. గట్ల మీద కలుపు తీయండి. వచ్చే పంటకు తెగులును కొంత తట్టుకునే అర్క అనామిక, అర్క అభయ లాంటి రకం ఎంచుకుని, చేను చుట్టూ 2–3 వరుసల మొక్కజొన్న వేయండి.

ఇంకా తేల్చుకోలేకపోతే నాలుగు లేత ఆకులు కోసి, వాడిపోకముందే రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి.