అమ్మ సవర్లు బ్యాంకులో పెట్టి స్టూడియో కట్టొద్దు

ప్రశ్న: మాది కావలి. వయసు 24. చెన్నైలో మ్యూజిక్ కంపోజిషన్ కోర్సు పూర్తయి ఏడాది కావస్తోంది. ఇద్దరు సంగీత దర్శకుల దగ్గర కీబోర్డ్ ప్రోగ్రామింగ్ (కంప్యూటరులో వాద్యాల ట్రాకులు కట్టడం) చేస్తున్నాను. షార్ట్ ఫిల్ములు, గుడి పాటలు, నెల్లూరు షాపుల ప్రకటనలు కూడా చేస్తుంటాను. 12 నెలల్లో 3.84 లక్షలు చేతికి వచ్చాయి, అంటే నెలకు 32 వేలు. గాయకులకు, మిక్సింగ్‌కు, రైలు చార్జీలకు 66 వేలు పోయాయి. చెన్నైలో గది, తిండి, ఇంటికి పంపేది కలిపి నెల ఖర్చు 19 వేలు. విద్యారుణం వడ్డీతో 6 లక్షలైంది. జూన్ నుంచి పదేళ్లపాటు ఈఎంఐ 8,100. పొదుపు 41 వేలు, క్రెడిట్ కార్డు బాకీ 22 వేలు. ఇంట్లో మేడ మీద గదిని స్టూడియోగా మారుద్దామనుకుంటున్నాను. కొటేషన్ 7 లక్షలు. అమ్మ బంగారం 8 సవర్లు పెడితే 3 లక్షలు ఇస్తామంటున్నారు. మిగతా 4 లక్షలకు ఒక యాప్‌లో పర్సనల్ లోన్ (16 శాతం, మూడేళ్లు) మంజూరైంది. ఒక నిర్మాత 3 లక్షల ప్యాకేజీకి (సంగీతం ఖర్చులన్నీ అందులోనే నేను పెట్టుకోవాలి) సినిమా ఇస్తానన్నారు. ముందు ఏ లోన్ తీసుకోవాలి? సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టుబడి) కూడా మొదలుపెట్టాలా?

జవాబు: రెండు లోన్లలో ఏదీ తీసుకోవద్దు. యాప్‌లో మంజూరైన దాన్ని ఈరోజే రద్దు చేసుకోండి. డబ్బు ఖాతాలో పడ్డాక వెనక్కి ఇవ్వడానికి చాలామందికి మనసు రాదు.

పాటల రంగంలోనే కాదు, ఫొటోగ్రాఫర్లు, ఎడిటర్లు, ఈవెంట్ల వాళ్లు, నెల జీతం లేని వాళ్లందరూ చేసే తప్పే మీరూ చేస్తున్నారు. ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగించి, వచ్చిన అంకెను జీతం అనుకుంటున్నారు. ఈఎంఐ మాత్రం సగటు చూసి కోసుకోదు, ప్రతి నెలా 5వ తేదీన కోసుకుంటుంది.

మీరు పంపిన స్టేట్‌మెంటులోనే ఇది కనిపిస్తోంది. జనవరిలో 72 వేలు వచ్చాయి. జులైలో 9,000, ఆగస్టులో 6,500, సెప్టెంబరులో 4,000, అక్టోబరులో 8,000. నాలుగు నెలలకు కలిపి 27,500. ఆ నాలుగు నెలల ఇంటి ఖర్చే 76 వేలు. కార్డు మీద 22 వేల బాకీ ఎందుకు మిగిలిందో వేరే చెప్పనక్కర్లేదు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి పెళ్లి వీడియోల పాటలు, ఆర్కెస్ట్రా ట్రాకుల పని ఉండదు. భాద్రపదం అంతే. మధ్యలో మూఢం వస్తే ఇంకో నెల పోతుంది. మీరు ప్రోగ్రామింగ్ చేసే సినిమాల షూటింగు ఆగితే మీ బిల్లూ ఆగుతుంది. వచ్చే ఏడాది కూడా ఇలాగే ఉంటుందనుకునే లెక్క వేయండి.

3.84 లక్షల్లో 66 వేలు పనికే పోయాయి కాబట్టి మీ ఆదాయం 3.18 లక్షలు, నెలకు 26,500. జూన్ నుంచి ఖర్చు 19,000, ఈఎంఐ 8,100, కలిపి 27,100. కొత్త అప్పు లేకుండానే నెలకు 600 లోటు! దీనిమీద యాప్ లోన్ ఈఎంఐ దాదాపు 14,060, బంగారం మీద నూటికి రూపాయి చొప్పున వడ్డీ 3,000. నెలకు 44 వేల పైచిలుకు కావాలి. జులై నుంచి అక్టోబరు దాకా నాలుగు నెలలకు 1.76 లక్షలు కట్టాలి, వచ్చింది 27,500. మిగతా లక్షన్నర ఎక్కడినుంచి తెస్తారు? ఇంకో యాప్ నుంచేగా. బంగారం తాకట్టుకు గడువు దాటితే నోటీసు, ఆ తర్వాత వేలం. ఆ 8 సవర్లు మీ అమ్మగారివి, మీ వ్యాపార పెట్టుబడి కాదు.

అందుకే స్టూడియో కంటే ముందు కావాల్సింది అత్యవసర నిధి. జీతగాళ్లకు ఆరు నెలల ఖర్చు చాలు. మీకు ఎనిమిది నెలలు కావాలి. పోయినసారి మీ కరువు నాలుగు నెలలు. పని మళ్లీ మొదలయ్యాక బిల్లు చేతికి రావడానికి రెండు మూడు నెలలు పడుతోందని మీరే రాశారు. షుగరు ఉన్న నాన్నగారి ఆరోగ్యం కోసం ఇంకో నెల. ఈ నిధి లేని సంగీతకారుడు బేరం ఆడలేడు. ఇంటి అద్దె కట్టాల్సిన వారంలో ఎవరైనా 5 వేలకే జింగిల్ (ప్రకటన పాట) అడిగితే ఒప్పేసుకుంటాడు. రాయల్టీ హక్కు రాసిచ్చెయ్యమంటే సంతకం పెట్టేస్తాడు. చేతిలో ఎనిమిది నెలల తిండి ఉన్నవాడు మాత్రం ‘రేపు చెబుతాను’ అనగలడు.

ఇక ఎలా చేయాలో చెబుతాను. ముందు 41 వేల నుంచి కార్డు బాకీ 22 వేలు మొత్తం కట్టేయండి. మినిమం డ్యూ కడుతూ పోతే నెలకు 3.5 శాతం లెక్కన ఏడాదికి 42 శాతం వడ్డీ పడుతుంది. మిగిలిన 19 వేలతో నిధి మొదలుపెట్టండి. తొలి ఈఎంఐకి ముందే బ్యాంకుకు వెళ్లి విద్యారుణం గడువు 15 ఏళ్లకు పెంచమని రాతపూర్వకంగా అడగండి. మీరు రాసిన 10.5 శాతం వడ్డీ మీద ఈఎంఐ దాదాపు 6,630కి దిగుతుంది. చివరిదాకా అలాగే కడితే 2.2 లక్షలు ఎక్కువ వడ్డీ అవుతుంది, అది నాకూ ఇష్టం లేదు. కానీ ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ రుణానికి ముందస్తు చెల్లింపు మీద పెనాల్టీ ఉండదు కాబట్టి నిధి నిండాక అదనంగా కట్టి గడువు తగ్గించుకోవచ్చు. ఇప్పుడు కావాల్సింది చేతిలో నగదు.

కొత్త ఈఎంఐతో నెల ఖర్చు 25,630. ఎనిమిది నెలలకు 2.05 లక్షలు. ప్రోగ్రామింగ్ డబ్బుతో అది పోగవదు, నెలకు మిగిలేది 870 రూపాయలే. కంపోజిషన్ చదివినవాళ్లకు నెలనెలా ఆదాయం ఇచ్చే దారి దాదాపు ఒక్కటే, పాఠాలు చెప్పడం. మీరు దాన్ని చిన్నతనంగా చూస్తున్నట్టున్నారు, ఉత్తరంలో మాటే లేదు. లండన్ ట్రినిటీ కాలేజీ సంగీత గ్రేడు పరీక్షలకు కీబోర్డు, థియరీ నేర్పండి. సాఫ్ట్‌వేర్‌లో పాట కట్టడం నేర్పండి. శని, ఆదివారాలు కావలి, నెల్లూరులో తొమ్మిది మంది పిల్లలు, తలకు 1,000 చొప్పున 9 వేలు. ఫీజు నెల మొదట్లోనే తీసుకోండి, క్లాసు లెక్కన వద్దు. అలాగైతే మే సెలవుల్లో, పరీక్షల నెలల్లో పిల్లలు మానేస్తారు. స్కూల్లో మ్యూజిక్ టీచర్ ఉద్యోగం దొరికితే ఇంకా మంచిది. ప్రభుత్వ పోస్టులంటారా, నోటిఫికేషన్ వస్తే రాయండి, దానికోసం కూర్చోవద్దు. గేమ్ కంపెనీల సౌండ్ పనికి హైదరాబాద్, బెంగళూరులో అవకాశాలు ఉన్నాయి, వెతుక్కోండి.

ఆ 9 వేలు, 870 పూర్తిగా నిధికే వెళ్లాలి. పాటల డబ్బు పడే ఖాతాలో కాకుండా వేరే బ్యాంకులో, మిగులు దానంతటదే ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారే స్వీప్ డిపాజిట్‌లో పెట్టండి. మీ ఫోన్లోని యూపీఐకి ఆ ఖాతా కలపొద్దు. మీ ఆదాయపన్ను ఫారం 26ఏఎస్‌లో 18 వేల టీడీఎస్, అంటే మీకు డబ్బు ఇచ్చేవాళ్లు ముందే కోసి కట్టిన పన్ను, కనిపిస్తోంది. అది చేతికి వచ్చిన 3.84 లక్షల్లో కలవలేదు. దాన్ని కలిపినా మీ నికర ఆదాయానికి కొత్త పన్ను విధానంలో పన్ను పడదు, రిటర్ను వేస్తే మొత్తం వెనక్కి వస్తుంది. అదీ నిధికే. అన్నీ కలిపితే ఏడాదిన్నరలో నిధి నిండుతుంది.

స్టూడియో కొటేషన్ చూశాను. 7 లక్షల్లో 2.6 లక్షలు గోడలకు అతికే ఫోమ్‌కు, డోర్‌కు. ఫోమ్ గదిలోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, బయటి శబ్దాన్ని ఆపదు. బయటి శబ్దాన్ని ఆపేది బరువు, అంటే మందపాటి గోడ, సందు లేని తలుపు. మీ ఇల్లు రైలు పట్టాల దగ్గరని రాశారు. అక్కడ ఎంత ఫోమ్ అతికించినా గాత్రం మధ్యలో గూడ్సు బండి వినిపిస్తుంది. గొంతు రికార్డింగుకు గంటల లెక్కన అద్దె స్టూడియో తీసుకోండి. కంప్యూటరు, కీబోర్డు, హెడ్‌ఫోన్లు మీ దగ్గర ఉన్నాయి. రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు, యూపీఎస్, శాంపిల్ లైబ్రరీలు (రికార్డు చేసిన వాద్యాల శబ్దాలు) దాచడానికి ఒక ఎస్‌ఎస్‌డీ, అన్నీ కలిపి 45 వేల లోపు వస్తాయి. అవి కూడా నిధి లక్ష దాటాక, నగదుతో. మొత్తం పని రెండు డ్రైవుల్లో దాచండి, ఒకటి ఇంట్లో కాకుండా వేరే చోట ఉండాలి. నవంబరు, డిసెంబరు వానలు మన జిల్లాకు కొత్త కాదు.

నిర్మాత ప్యాకేజీ సంగతి. నాలుగు పాటలు, ఆర్‌ఆర్ (నేపథ్య సంగీతం) కలిపి 3 లక్షలన్నారు. గాయకులకు 60 వేలు, వేణువు, నాదస్వరం, తీగ వాద్యాల వాళ్లకు 45 వేలు, మిక్సింగ్, మాస్టరింగ్‌కు 40 వేలు, ఆర్‌ఆర్ సహాయకుడికి 35 వేలు, స్టూడియో అద్దె 20 వేలు. ఇవి మీరు రాసిన అంకెలే, మొత్తం 2 లక్షలు. మిగిలేది లక్ష. చివరి 90 వేలు ‘రిలీజయ్యాక’ అంటున్నారు. సినిమా ఆగిపోతే ఆరేడు నెలల పనికి మీకు మిగిలేది 10 వేలు. సినిమా వద్దనడం లేదు. అడ్వాన్సు 40 శాతం అడగండి, ప్రతి పాటకూ డబ్బు అందాకే స్టెమ్స్ (పాటలోని విడివిడి ట్రాకులు) ఇవ్వండి, రిలీజుకు ముడిపెట్టే వాటా 10 శాతం మించనివ్వొద్దు. ఒప్పుకోకపోతే ప్యాకేజీ కాకుండా మీ పారితోషికం మాత్రమే తీసుకుని, ఖర్చులు నిర్మాతనే భరించమనండి.

ఒప్పందంలో రాయల్టీ వదులుకుంటున్నట్టు రాస్తే కొట్టించండి. 2012 కాపీరైట్ సవరణ తర్వాత, సినిమా పాట థియేటర్‌లో కాకుండా బయట వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో స్వరకర్త వాటాను నిర్మాతకు వదిలేయడం చెల్లదు. వారసులకో, కాపీరైట్ సొసైటీకో మాత్రమే ఇవ్వగలరు. పాటల రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే అలాంటి సొసైటీ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకుని, ఇప్పటిదాకా చేసిన గుడి పాటలతో సహా ప్రతి పాటనూ నమోదు చేయండి. ఆ డబ్బు ఎప్పుడొస్తుందో చెప్పలేం కాబట్టి పై లెక్కల్లో వేయలేదు.

బీమా: విద్యారుణంలో నాన్నగారు సహ రుణగ్రహీత. మీకేమైనా అయితే ఈఎంఐ ఆయన మీద పడుతుంది. 25 లక్షల టర్మ్ పాలసీ (మరణిస్తే మాత్రమే డబ్బు ఇచ్చే బీమా) తీసుకోండి. అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా తీసుకోండి, నాన్నగారి షుగరు దాచొద్దు, దాస్తే క్లెయిము పోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. ప్రీమియం మీ ఇంటి టిఫిన్ సెంటర్ ఆదాయం నుంచి కట్టగలమని నాన్నగారు అన్నట్టు రాశారు, అలాగే చేయండి.

సిప్ నిధి నిండాక చూద్దాం. చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్రా రుణమూ అంతే. విద్యారుణం గడువు పెంపు దరఖాస్తు మాత్రం మే నెలాఖరు లోపు బ్రాంచిలో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి.